360 వేవ్స్: డబ్బాలో ఏముందని కాదు, బ్రష్ ఎటు నడుస్తోందని చూడండి

"అట్లాంటాలో నా రూమ్మేట్ నల్లజాతి అబ్బాయి. తలంతా అలలు అలలుగా ఉంటుంది. ఏదైనా కెమికల్ పెట్టిస్తాడా? మనవాళ్లకూ వస్తాయా?" అని అడిగారు. రెండోదానికి ముందు చెబుతాను: రావు. ఆ జుట్టులో ప్రతి వెంట్రుకా కుదురు దగ్గర్నుంచే స్ప్రింగులా మెలి తిరిగి మొలుస్తుంది. పొట్టిగా ఉంచి, ఒకే వాలున అణిస్తే పక్కపక్క వెంట్రుకల మెలికలు వరసకట్టి అలగా కనిపిస్తాయి. తల చుట్టూ పూర్తిగా అలా వస్తే వాటినే 360 వేవ్స్ అంటారు. మన జుట్టును అలా అణిస్తే అణిగి ఊరుకుంటుంది. బాగా ఉంగరాల జుట్టున్నవాళ్లకు ఏదో కాస్త ఛాయ వస్తుందేమో, ఆ లోతు రాదు.

కెమికల్ అక్కర్లేదు. మెలికను వదులు చేసే టెక్స్చరైజర్లు ఉన్నాయి, కొందరు వాడతారు. నిమిషాలు ఎక్కువైతే మెలికే పోతుంది, ఇక అల దేనితో కడుతుంది? అందుకే నేనైతే వద్దంటాను.

అసలు పనంతా బ్రష్‌ది. ఒకటిన్నర లేదా రెండో నంబరు గార్డుతో (క్షవరం మెషీన్‌కు తగిలించే దువ్వెన లాంటి తొడుగు), అంటే నాలుగున్నర నుంచి ఆరు మిల్లీమీటర్ల పొడవుంచి, జుట్టు మొలిచిన వాలునే కత్తిరించి మొదలుపెట్టాలి. నెత్తి సుడి నుంచి బ్రష్ బయలుదేరాలి. ముందుకు నుదుటి దాకా తిన్నగా, పక్కలకు చెవుల వైపు ఏటవాలుగా కిందికి, వెనక మెడ దాకా నేరుగా. సుడి దగ్గర మాత్రం అది ఎటు తిరిగితే అటే, చిన్న చిన్న విసుర్లతో. రోజుకు ముప్పావు గంట, మూడు దఫాలుగా పంచుకోవచ్చు. ఎంతసేపు దువ్వారన్నదానికన్నా ప్రతిసారీ అదే దారిలో దువ్వారా అన్నదే ముఖ్యం. ఇవాళ చెవి వైపు, రేపు కణత వైపు లాగితే అల మధ్యలో చీలి రెండు పాయలవుతుంది. దాన్ని ఫోర్క్ అంటారు. ఎక్కువగా సుడి చుట్టూ, చెవుల పైన పడుతుంది. వెనక భాగం చేతి అంచనాతో దువ్వకూడదు. చేత్తో ఇంకో అద్దం పట్టుకుని చూడాలి.

బ్రష్‌లు మూడు రకాలు. కొత్తగా కత్తిరించినప్పుడు మెత్తనిది, మామూలు రోజుల్లో మధ్యరకం, జుట్టు పెరిగాక మాడు దాకా దిగడానికి గట్టిది. పొట్టి జుట్టు మీద గట్టి బ్రష్ రుద్దితే మాడు గీసుకుపోతుంది, కణతల దగ్గర వెంట్రుకలు తెగి పలచబడతాయి.

చాలామంది ఓడిపోయేది వుల్ఫింగ్ దగ్గర. నాలుగు నుంచి ఆరు వారాలు కత్తెర ముట్టకుండా పెంచుతూ దువ్వడమే వుల్ఫింగ్. మూడో వారం దాటేసరికి పక్కలు ఉబ్బుతాయి, అలలు మాయమైనట్టు కనిపిస్తాయి, చూసినవాళ్లు "క్షవరం చేయించుకోవచ్చుగా" అంటారు. సరిగ్గా అప్పుడే వెళ్లి కత్తిరించేసుకుంటారు. అల లోతెక్కేది ఆ రోజుల్లోనే! పొడవు పెరిగితేనే ఒక్కో వెంట్రుకలో ఇంకో మెలిక వరసలోకి వస్తుంది.

ఆ దశలో వారానికోసారి చేసే తలస్నానం చూడదగ్గది. గోరువెచ్చని నీళ్లతో తడిపి, షాంపూ నురుగు ఉండగానే గట్టి బ్రష్‌తో సుడి నుంచి అన్ని వైపులా దువ్వుతారు. ఆ నురుగు మీదే డ్యూరాగ్ (తలకు బిగుతుగా చుట్టే, వెనక పొడవాటి తోకలుండే పల్చటి గుడ్డ) కట్టేసి, గుడ్డ మీదుగానే నీళ్లు పోస్తారు. నురుగంతా గుడ్డలోంచి కారిపోతుంది గానీ దువ్విన వెంట్రుక కదలదు. తర్వాత విప్పి, కండిషనర్ రాసి మళ్లీ దువ్వి, కడిగి, పొడి డ్యూరాగ్ కట్టి అరగంట ఉంచుతారు. విప్పగానే కనిపించే వరసలే అసలు పురోగతి. రోజూ షాంపూ పెడితే మాత్రం జుట్టు ఎండి విరుగుతుంది.

డ్యూరాగ్ కుట్టు బయటికి ఉండాలి. లోపలికి పెడితే నడినెత్తిన గీత అచ్చు పడుతుంది. తోకలను మెలిపెట్టకుండా పరిచి, వెనక దాటించి, నుదుటి మీదుగా తెచ్చి వెనక ముడేయాలి. పొద్దున్న నుదుటి మీద గాడి ఉందంటే బిగువు ఎక్కువైనట్టే.

ఇక క్రీముల గోల. వీడియో పెట్టిన ప్రతివాడూ చివర్లో ఒక డబ్బా అమ్ముతాడు. ముర్రేస్ పొమేడ్ 1925 నుంచీ ఉంది, నారింజ రంగు డబ్బా. మంచిదే, కానీ గోటితో గీరితే వచ్చేంత చాలు. అరచేతుల్లో రుద్ది కరిగించి రాయాలి. పెట్రోలియం సరుకు, నీళ్లకు లొంగదు. ముందు కొంచెం నూనె పట్టించి వదులు చేసి, తర్వాత షాంపూ పెట్టాలి. ముద్దగా పూస్తే నుదుటి మీద మొటిమలొస్తాయి. పొమేడ్ అలను పట్టి ఉంచుతుంది, పుట్టించదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. డ్యూరాగ్‌ను రౌడీల గుర్తుగా చూడటం నాకు అస్సలు నచ్చదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్ 2001లో హెల్మెట్ కింద డ్యూరాగ్ కట్టొద్దంది. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2005లో తెచ్చిన దుస్తుల నియమాల్లోనూ దీనికి చోటివ్వలేదు. జుట్టు తీరును బట్టి వివక్ష చూపొద్దని కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం తెచ్చింది. అది జడలకూ లాక్స్‌కూ (జటలు కట్టిన జుట్టు) పేరుపెట్టి రక్షణ ఇచ్చింది గానీ, డ్యూరాగ్ మాట ఎత్తలేదు. మీ రూమ్మేట్ రాత్రి కట్టుకునేది పడుకున్నప్పుడు జుట్టు చెదరకుండా, దిండు తేమ లాగేయకుండా. అంతే.

వుల్ఫింగ్ అయ్యాక బార్బర్‌కు ఒకే మాట గట్టిగా చెప్పాలి: మొలిచిన వాలునే కొట్టమని. ఎదురు కొడితే అదే గార్డుతో వాలున కొట్టినదానికన్నా పొట్టిగా తెగి, నెలల పని పోతుంది. మొదటిసారి రెండో నంబరుతో తీయించి చూసుకోవడం మేలు. మెడ వెనక అంచును చర్మం దాకా గొరిగించొద్దు. మెలి తిరిగిన వెంట్రుక తిరిగి చర్మంలోకే గుచ్చుకుని గట్టి పొక్కులు లేస్తాయి, పదేపదే అయితే మచ్చకట్టి అక్కడ జుట్టే రాదు.

వరసలు చుట్టూ కలిశాక రెండు వారాలకోసారి ఒకటి, ఒకటిన్నర గార్డుతో క్షవరం, రోజూ పావుగంట బ్రష్, ప్రతి రాత్రీ డ్యూరాగ్. వరసగా కొన్ని రాత్రులు మానేస్తే ముందు లేచేవి చెవుల పై భాగాలే. మళ్లీ అక్కణ్నుంచే సరిచేసుకోవాలి.