మీ ఊరి పోలీసుల ఖర్చు మీ అద్దెలోనే ఉంది

తమ్ముడూ, మీ ప్రశ్న చదివాను. న్యూజెర్సీలో మీ పట్టణ పోలీసు ఒకరు మీతో దురుసుగా మాట్లాడారు, ఎవరికి చెప్పుకోవాలో తెలియడం లేదు, వీసా మీద ఉన్నవాళ్లు పట్టణ కౌన్సిల్, అంటే ఊరి పాలకమండలి, సమావేశంలో నోరు విప్పవచ్చా అని అడిగారు. విప్పవచ్చు. అక్కడ పేరు, చిరునామా అడుగుతారు గానీ పౌరసత్వం అడగరు. ప్రజలు మాట్లాడటానికి పట్టణ కౌన్సిల్ సమయం కేటాయించి తీరాలని ఇక్కడి చట్టం. మీ వీసా సంగతి లాయరుతో మాట్లాడండి.

నేను వచ్చిన తొలి చలికాలం, 2004లో, మంచు తుపాను రాత్రి కారు వీధిలోనే వదిలేశాను. పొద్దున చూస్తే కారు లేదు. మంచు పడే రాత్రి వీధిలో నిలపకూడదని, నిలిపితే లాక్కుపోతారని పక్కింటి పెద్దాయన చెప్పాడు. కారు ఎక్కడుందో కనుక్కోవాలంటే పోలీసు స్టేషనుకు వెళ్లాలి. మన దగ్గర స్టేషను గడప తొక్కడమంటే ఎంత భయమో మీకు తెలుసు. నాలుగు రోజులు వెళ్లలేదు. ఆ నాలుగు రోజులూ లాక్కుపోయిన కార్లు ఉంచే టోయింగ్ యార్డువాడు, కారు ఉంచినందుకు అద్దె లెక్క రాసుకున్నాడు. చివరికి 385 డాలర్లు నగదుగా కట్టి కారు తెచ్చుకున్నాను. అప్పట్లో నా ఇంటి అద్దెలో అది దాదాపు సగం. ఇప్పటికీ ఆ పచ్చ రసీదు నా దగ్గరుంది.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. మన దగ్గర పోలీసులంటే రాష్ట్ర ప్రభుత్వం. ఎస్పీ, డీజీపీ, పైన హోం మంత్రి. పురపాలక సంఘానికి కానిస్టేబులు మీద కూడా అధికారం ఉండదు. ఇక్కడా అంతే అనుకొని రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌కు ఆ కారు సంగతి మీద రెండు పేజీల ఉత్తరం రాశాను. ఇది మీ పట్టణం చూసుకోవలసిన విషయమని మర్యాదగా తిప్పి పంపారు. మీరూ ఇప్పుడు సరిగ్గా అదే దారిలో ఉన్నారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. న్యూజెర్సీలో 564 మునిసిపాలిటీలున్నాయి, వాటిలో చాలావాటికి సొంత పోలీసు శాఖ ఉంది. ఎంతమంది పోలీసులుండాలి, జీతాలెంత, కొత్త కార్లు కొనాలా వద్దా అన్నది కౌన్సిల్ చేతిలో ఉంటుంది.

పక్కింటాయన నా రసీదు చూసి, టోయింగ్‌కు ఎంత వసూలు చేయాలో మన పట్టణ ఆర్డినెన్సులోనే, అంటే కౌన్సిల్ చేసిన స్థానిక చట్టంలోనే, రాసి ఉంటుంది కదా అన్నాడు. పట్టణ కార్యాలయంలో క్లర్కు దగ్గరికి వెళ్లి ఆ కాగితం అడిగి తీసుకున్నాను. 140 డాలర్లు ఎక్కువ గుంజారు. నేరుగా కౌన్సిల్ సమావేశానికి వెళ్లాను. ఇచ్చింది ఐదు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు నా అవమానం గురించే మాట్లాడాను. డబ్బు లెక్కకు వచ్చేసరికి గంట మోగింది. మరుసటి నెల మళ్లీ వెళ్లి, ఆర్డినెన్సు ఒక చేతిలో, రసీదు మరో చేతిలో పట్టుకొని రెండు అంకెలు మాత్రమే చదివాను. ఐదు వారాల్లో 140 డాలర్ల చెక్కు ఇంటికి వచ్చింది. ఆ తర్వాత మనవాళ్లు పదిమందిని ఆ గదికి నేనే తీసుకువెళ్లాను.

మీకు దురుసుగా మాట్లాడిన అధికారి విషయం వేరు. కౌన్సిల్ సభ్యుడు పోలీసు చీఫ్‌కు ఫోను చేసి ఫలానా టికెట్, అంటే జరిమానా చీటీ, తీసేయమనడానికి వీల్లేదు. రోజువారీ పని చీఫ్‌దే, పట్టణం నియమించిన అధికారికి ఆయన నెలనెలా నివేదిక ఇవ్వాలి. టికెట్ కోర్టు చూసుకుంటుంది. ప్రవర్తన మీద ఫిర్యాదు ఇంటర్నల్ అఫైర్స్‌కు, అంటే పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే వాళ్ల సొంత విభాగానికి, ఇవ్వండి, పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. నమ్మకం లేకపోతే కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వ న్యాయవాది, కార్యాలయం ఉంది. నియమాలన్నీ పట్టణ వెబ్‌సైటులో ఉంటాయి, చూసుకోండి.

నా బాధంతా డబ్బు గురించే. అద్దె ఇంట్లో ఉన్నాను, నాకెందుకులే అంటారు మన పిల్లలు. యజమాని కట్టే ప్రాపర్టీ టాక్సు, అంటే ఇంటి పన్ను, మీ అద్దెలో లేదనుకుంటున్నారా? ఆ పన్నులో పెద్ద వాటా బడికి పోతుంది, పట్టణం వాటాలో పోలీసులదే సాధారణంగా బరువైన పద్దు. డబ్బు కటకటతోనే మన రాష్ట్రంలోని కామ్డెన్ నగరం 2013లో తన పోలీసు శాఖనే రద్దు చేసుకుంది, కౌంటీ పోలీసులు వచ్చారు. పన్ను వసూలు ఏడాదికి రెండు శాతానికి మించి పెంచకూడదని 2010లో చట్టం చేసినా, ఆరోగ్య బీమా, పింఛన్ల పెరుగుదలకు అందులో మినహాయింపులున్నాయి. ఓవర్‌టైము పద్దు ఒక్కటి తీసి, నిరుటి అంకె పక్కన పెట్టి చూడండి. గుండె కలుక్కుమంటుంది.

బడ్జెట్ మీద ప్రజాభిప్రాయం వినే సమావేశం సాధారణంగా వసంతకాలంలో పెడతారు. తేదీ ఎప్పుడో రేపే క్లర్కుకు ఫోను చేసి అడగండి. పోలీసు పద్దు ముద్రించి తెచ్చుకోండి, మాట్లాడవలసింది ముందే గడియారం పెట్టుకొని రెండుసార్లు చదువుకోండి.