అమ్మమ్మ కుట్టిన గజ్జెలు పోయాయి, అందరూ నన్ను స్ట్రాంగ్ అంటున్నారు

ఒక అమ్మాయి రాసిన ఉత్తరం. పేరు, ఊరు తీసేసి ముఖ్యమైనంత వరకు ఇస్తున్నా.

"మేడమ్, నాకు 19 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ సెకండ్ ఇయర్. ఆరేళ్ళప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటున్నా. నెలన్నర కిందట ఇంటి నుంచి రాత్రి బండికి వస్తుంటే కాజీపేట దాటాక మెలకువ వచ్చింది, తల దగ్గర పెట్టుకున్న డాన్స్ బ్యాగ్ లేదు. కెంపుల సెట్టు, జతులు (తకధిమి లాంటి తాళం మాటలు) రాసుకున్న నోట్‌బుక్, అమ్మమ్మ తన చేత్తో కుట్టిచ్చిన గజ్జెలు, అన్నీ అందులోనే. అమ్మమ్మ పోయి రెండేళ్ళు. ప్రతి దసరాకి ముందు ఆ గజ్జెలు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో మువ్వ లాగి చూసి, వదులైనవి ఊడదీసి మళ్ళీ కుట్టేది, పనికిరానివి సూదులు దారాలు పెట్టుకునే బిస్కెట్ డబ్బాలో వేసేది. బ్యాగ్ పోయిన పదకొండో రోజు కాలేజీలో నా ప్రోగ్రాం. మానేస్తా అనలేదు, జూనియర్ గజ్జెలు అడిగి కట్టుకుని తరంగం చేశా. ఆ వీడియో మా చుట్టాల గ్రూపంతా తిరిగింది, ఎంత స్ట్రాంగ్ పిల్లో అని అందరూ ఒకటే పొగడటం. కానీ ఆ రోజు నుంచి నేను ప్రాక్టీస్ చేయలేదు. రోజూ తెల్లవారుజామున మూడింటికి లేచి దిండు పక్కన తడుముకుంటున్నా. నాన్న 'ఇత్తడి మువ్వలే కదమ్మా, ఇంకో జత కొందాం' అన్నారు, అప్పటి నుంచి ఆయనతో సరిగ్గా మాట్లాడటం లేదు. అమ్మ ఏమీ అనలేదు, రోజూ ఆ వీడియోనే చూస్తోందట. అసలు నేను స్ట్రాంగా, లేక అందరి ముందు నటిస్తున్నానా? నిద్రపోకుండా ఉంటే పోయేవి కావు కదా అనిపిస్తుంది."

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు నువ్వు అడిగిన మాటకే వస్తా. నువ్వు నటించలేదు. పదమూడేళ్ళు ఆడిన కాళ్ళు అవి, స్టేజీ ఎక్కి నట్టువాంగం, అంటే గురువు తాళం వేస్తూ జతులు చెప్పడం, మొదలయ్యాక అవి నీ పర్మిషన్ అడగవు, వాటి పని అవి చేసుకుపోతాయి. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి దాన్ని కదిలిస్తూ తాళం తప్పకుండా ఆడాలంటే మనసు పూర్తిగా అక్కడుండాలి, నటనతో అయ్యే పని కాదు అది. ఆ కాసేపు నువ్వు నిజంగానే ఆడావు. దిగి వచ్చాక నిజంగానే కూలబడ్డావు. రెండూ నీవే, ఒకటి నిజమైతే రెండోది అబద్ధం అవ్వాలని ఎక్కడా లేదు. నాకు అర్థమైనంత వరకు చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ వీడియో చూసి అందరూ నిన్ను మెచ్చుకున్నాక ఇంక ఏడవడానికి నీకు చోటు లేకుండా పోయింది. స్ట్రాంగ్ అన్నాక ఏడిస్తే ఏమనుకుంటారో అని ఏడుపు మూడు గంటలకి వాయిదా వేసుకున్నావు, ఎందుకంటే ఆ టైమ్‌కి హాస్టల్లో ఎవరూ లేచి ఉండరు.

ఎవరి చేత్తోనైనా చేసిన వస్తువు పోతే జనానికి ఆ బాధ ఎంతో తెలియదు. మనిషి పోతే పదకొండు రోజులు ఇంటికి వస్తారు, కూర్చుంటారు, అన్నం తినమని బతిమాలతారు. వస్తువు పోతే "పీడ పోయిందనుకో", "నీకు రావాల్సిన గండం దాని మీదుగా పోయింది" అంటారు, మంచి మనసుతోనే అంటారు, కానీ ఆ మాటతో నీ నోరు మూతపడుతుంది. ఇంకొందరుంటారు, చెయిన్ వేసి తాళం పెట్టుకోవాల్సింది, తల కింద పెట్టుకోవాల్సింది అంటారు, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. రాత్రి బండిలో బెర్త్ ఎక్కిన మనిషి నిద్రపోతుంది, నిద్రపోవడానికే బెర్త్ ఇచ్చారు. నువ్వు నిద్రపోవడం తప్పు కాదు, ఒకడు నిద్రపోతున్న పిల్ల బ్యాగ్ ఎత్తుకెళ్ళడం తప్పు. ఈ మాట నీకు తెలుసు, అయినా రాస్తున్నా, ఎందుకంటే మూడు గంటలకి లేచినప్పుడు అది గుర్తుకు రాదు. ఒక కాగితం మీద రాసి దిండు దగ్గర పెట్టుకో, చిన్నపిల్లల పనిలా ఉన్నా సరే.

నా సంగతి ఒకటి చెప్తా. నేను ఇంటర్లో హాస్టల్లో ఉన్నప్పుడు ట్రంకుపెట్టె తాళం పగలగొట్టి ఎవరో ఉన్న డబ్బులు, రెండు కొత్త లంగావోణీలు, వాటి కింద రబ్బర్ బ్యాండ్ వేసి పెట్టుకున్న మా నాన్న ఉత్తరాల కట్ట కూడా పట్టుకుపోయారు. నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్లు. ఆయన అప్పటికి లేరు. డబ్బు గురించి వార్డెన్ దగ్గర గంటసేపు మాట్లాడాను కానీ ఉత్తరాల మాట ఎత్తలేదు, ఎత్తితే ఏడుస్తానని. తర్వాత చాలా నెలలకి ఒక రాత్రి ఒక నోట్‌బుక్ తీసి ఆయన రాసినవి గుర్తొచ్చినంత వరకు రాయడం మొదలుపెట్టా, ప్రతి ఉత్తరం "ఉభయకుశలోపరి" అని మొదలయ్యేది, ఆ ఒక్క మాట రాశాక మిగతావి వాటంతట అవే వచ్చాయి, గేదె ఈనడం, కరెంటు పోవడం, చెల్లి సైకిల్ మీంచి పడటం. అన్నీ రాలేదు. వచ్చినవి ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. అవి ఆయన చేతిరాత కాదన్న బాధ కూడా ఉంది, అది లేదని చెప్పను.

నీకూ అదే పని చెప్తున్నా, కానీ నీ విషయంలో దానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఒక తెల్ల కాగితం తీసుకుని ఆ గజ్జెల గురించి నీకు తెలిసిందంతా రాయి. కాలికి ఎన్ని మువ్వలు, ఎన్ని వరసలు, తోలు పట్టీయా తాడా, లోపల వేసిన గుడ్డ రంగేంటి, ఎన్ని బకిల్స్, అమ్మమ్మ ఏ రంగు దారం వాడేది, ముడి ఎటువైపు వేసేది, ఏ మువ్వ చప్పుడు తేడాగా ఉండేది. కెంపుల సెట్టులో తలకి పెట్టుకునే సూర్యుడు, చంద్రుడు, పాపిడిబిళ్ళ, వడ్డాణం ఒక్కోటి ఎలా ఉండేదో, ఎక్కడ రాయి ఊడిపోతే ఫెవిక్విక్‌తో అతికించావో అది కూడా. ప్రోగ్రాం ఫోటోల్లో అవి దగ్గరగా కనిపించేవి ఏరి పక్కన పెట్టు. రాసేటప్పుడు ఏడుపొస్తే రానీ.

ఇప్పుడు రెండో ఉపయోగం. ఆ రాత్రి కంగారులో నువ్వు కంప్లైంట్‌లో "ఒక బ్యాగు, డాన్స్ సామాను" అని మాత్రమే రాసుంటావని నా అనుమానం, అందరం అలాగే రాస్తాం. రైల్లో దొంగతనం కేసులు చూసేది జీఆర్‌పీ, అంటే రైల్వే పోలీస్. నీ దగ్గర ఎఫ్‌ఐఆర్ కాపీ ఉందో లేదో చూసుకో, ఫ్రీగా ఇవ్వాలి, అది నీ హక్కు. ఇంకా ఎఫ్‌ఐఆర్ అవ్వకపోతే బ్యాగ్ ఏ స్టేషన్ దగ్గర పోయిందో తేలకపోయినా ఫర్వాలేదు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, వాళ్ళే సంబంధిత స్టేషన్‌కి పంపుతారు. ఈ కాగితం, ఫోటోలు పట్టుకెళ్ళి కేసులో కలపమని అడుగు. ఎప్పుడైనా ఎవడైనా దొరికి సామాను బయటపడితే ఇది నాదే అని చూపించడానికి పనికొచ్చేవి ఇవే, ఆ దారం రంగు, ఆ ముడి, అతికించిన ఆ రాయి. దొరికినా వెంటనే చేతికివ్వరు, కోర్టులో పిటిషన్ వేసి తెచ్చుకోవాలి. చదువుకుంటున్న వాళ్ళు చదువుకునే టైమ్‌లో వెళ్ళలేరు కదా, మీ నాన్నని తోడు తీసుకెళ్ళు. ఆయనకి కూడా చేయడానికి ఒక పని దొరుకుతుంది.

దొరుకుతాయా అంటే మాత్రం నేను నీకు ఆశ పెట్టను. లండన్‌లో మిన్ కిమ్ అని ఒక వయొలిన్ విద్వాంసురాలు ఉంది, చిన్నప్పుడే పెద్ద పేరు తెచ్చుకున్న మనిషి. 2010లో యూస్టన్ స్టేషన్ దగ్గర ఏదో తింటూ కూర్చుంటే ఆమె పక్కనున్న వయొలిన్ ఎత్తుకెళ్ళారు, 1696 నాటి స్ట్రాడివేరియస్, వయొలిన్లలో మేటి రకం, పది లక్షల పౌండ్ల పైమాటే. ఎత్తుకెళ్ళినవాళ్ళు దాన్ని ఒక బస్ డ్రైవర్‌కి నూరు పౌండ్లకి అమ్మజూపారు, వాళ్ళకి తెలిసిన విలువ అంతే. 2013లో దొరికింది. కానీ ఈలోపు ఇన్సూరెన్స్ డబ్బు వచ్చేసింది, దాంతో వేరే వయొలిన్ కొనుక్కుంది, దాంతో దొరికినా అది ఆమె చేతికి రాలేదు, వేలంలో వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. ఇది నీకెందుకు చెప్తున్నానంటే, ఆమె బాధని ఎవరూ "చెక్క ముక్కే కదా" అనలేదు, అది కోట్ల వస్తువు కాబట్టి. నీ గజ్జెలు బజార్లో కొన్ని వేలు చేస్తాయేమో, అంతమాత్రాన నీ బాధ ఆ వేల దగ్గర ఆగాలని ఏం లేదు.

మీ నాన్న మాటకి వద్దాం. "ఇత్తడి మువ్వలే కదా" అన్న మాట నిన్ను కోసేసింది, కోస్తుంది కూడా. కానీ మన ఇళ్ళల్లో నాన్నలకి పిల్ల ఏడుపు కనిపిస్తే వెంటనే చెయ్యి జేబులోకి వెళ్తుంది, వాళ్ళకి చేతనైన ఓదార్పు అదే. ఆయనకి ఫోన్ చేసి గొడవ పెట్టుకోకు, మెసేజ్ కూడా వద్దు, ఎదురుగా కూర్చున్నప్పుడు ఇంత చెప్పు చాలు: "నాన్నా, ఇప్పుడే ఏం కొనొద్దు. ఒక్కసారి నేను చెప్పేది విను, మధ్యలో ఏం అనకు." అమ్మమ్మ దసరాకి మువ్వలు లాగి చూడటం ఆయన ఎప్పుడైనా చూశారో లేదో, ఆ ముచ్చట చెప్పు. వింటారు. వినకపోతే ఇంకోసారి చెప్పు.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన లైన్ మాత్రం అమ్మ గురించి రాసింది. "అమ్మ ఏమీ అనలేదు, రోజూ ఆ వీడియోనే చూస్తోందట." తల్లీ, ఆ గజ్జెలు నీకు అమ్మమ్మ కుట్టినవి, మీ అమ్మకి వాళ్ళమ్మ కుట్టినవి. రెండేళ్ళ కింద తల్లిని పోగొట్టుకున్న మనిషి, ఇప్పుడు ఆ తల్లి చేతిపని కూడా పోతే నోరెత్తలేదంటే బాధ లేక కాదు, కూతురు అంత ధైర్యంగా ఆడింది, నేను ఏడిస్తే పిల్ల డీలా పడుతుందని ఆగిపోయి ఉంటుంది. నువ్వేమో అమ్మ బాధపడుతుందని ఆగావు. వీడియోలో ఆమె చూస్తున్నది నీ డాన్స్‌నో, నీ కాళ్ళకున్న వేరేవాళ్ళ గజ్జెల్నో నాకు తెలీదు. నువ్వే అడుగు.

నిద్ర గురించి సీరియస్‌గా వినాలి. దొంగతనం జరిగాక రెండు మూడు వారాలు ఉలిక్కిపడి లేవడం, తాళాలు పదేపదే చూసుకోవడం చాలామందికి ఉంటుంది, ఎక్కువమందికి దానంతట అదే తగ్గుతుంది. నీకు నెలన్నర అయింది, ఇష్టమైన డాన్స్ కూడా వదిలేశావు, కాబట్టి ఒకసారి సైకాలజిస్ట్‌ని కలువు. కాలేజీలో కౌన్సిలర్ ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టు, లేకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, ఏ టైమ్‌లోనైనా చేయొచ్చు, అంటే మూడింటికి కూడా. అన్నం మానేయడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఏమైనా ఉంటే నాకు రాసి జవాబు కోసం ఎదురుచూడకు, అప్పటికప్పుడే ఎవరికైనా చెప్పు.

ప్రాక్టీస్ ఇప్పుడే మొదలుపెట్టమని నేను అనను. అడవులు, అదే డాన్స్ మొదట్లో నేర్పే అడుగులు, మాత్రం పది నిమిషాలు, గజ్జెలు లేకుండా, ఉత్త కాళ్ళతో, తలుపు వేసుకుని, ఎవరూ వీడియో తీయకుండా చేసి చూడు. మామూలు క్లాసుల్లో అందరం గజ్జెలు లేకుండానే కదా చేసేది, నీ కాళ్ళు నేలకి తగిలే చప్పుడు నీకు అమ్మమ్మ గజ్జెల కంటే ముందు నుంచి తెలుసు. నోట్‌బుక్‌లో పోయిన జతులు మీ గురువుగారికి చెప్పు, ఆవిడ నోటికే ఉంటాయి, నీకూ సగం పైన ఉంటాయి, కూర్చుని రాసుకుంటే వారంలో అయిపోతుంది. నిన్ను ఎవరైనా స్ట్రాంగ్ అంటే "అవునండీ, ఏడుస్తున్నాను కూడా" అను, ఆ మాట అలవాటు చేసుకో.

కొత్త గజ్జెలు ఎప్పుడో ఒకప్పుడు కావాలి, అది నువ్వు చెప్పినప్పుడే, కొని గజ్జె పూజ చేయించుకుని కట్టుకుందువు. ఈలోపు ఒకటి అడుగుతా. అమ్మమ్మ పనికిరావని ఊడదీసిన మువ్వలు బిస్కెట్ డబ్బాలో వేసేదని రాశావు. ఆ డబ్బా రైల్లో లేదు కదా. అది ఇంకా మీ ఇంట్లో ఏ బీరువా అడుగునో ఉందేమో, అమ్మకి తెలిసి ఉంటుంది, ఆ ముడి వేయడం కూడా ఆమెకి వచ్చేమో, చిన్నప్పుడు పక్కన కూర్చుని దారం ఎక్కించి ఇచ్చింది ఆమే అయి ఉంటుంది. ఈ శనివారం ఇంటికి వెళ్ళు. రాత్రి బండి వద్దు, పొద్దున బయలుదేరేది చూసుకుని వీలైతే ఫ్రెండ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళు. వెళ్ళాక అమ్మని ఆ డబ్బా తీయమను.