రీ: ఆఫీసుకీ పెళ్ళికీ ఒకటే వెండి ముక్కుపుడక సరిపోతుందా?

ముక్కు కుట్టించుకుని ఏడాది దాటిందన్నారు కాబట్టి వెండి పెట్టుకోవచ్చండి, కొత్తగా కుట్టిన ముక్కైతే వద్దనేదాన్ని. పాత పుడకతో దురద, నలుపు అన్నారు చూడండి, అది జర్మన్ సిల్వర్ ఏమో అని నా డౌట్, పేరే తప్ప దాంట్లో వెండే ఉండదు, రాగి, జింకు, నికెల్ కలుపుతారు, ఆ నికెలే చాలామందికి పడదు. ఈసారి 925 ముద్ర ఉన్నది అడగండి, అంటే 92.5 శాతం వెండి, మిగతాది ఎక్కువగా రాగే. అదీ నల్లబడుద్ది గానీ మెత్తటి గుడ్డతో తుడిస్తే సరి.

రెండిటికీ ఒకటే అంటే మాత్రం కుదరదు. ఆఫీసుకి 2 మిల్లీమీటర్ల తెల్లరాయి చాలు, తువ్వాలుకి పట్టుకోదు. కాడ మందం ఇప్పుడున్నదానితో పోల్చి తీసుకోండి, లావుది బలవంతంగా తోస్తే ముక్కు వాచిపోద్ది. పెళ్ళికి నత్తు కావాలంటే కుట్టుతో పనిలేకుండా ముక్కుకి నొక్కి పెట్టుకునే ప్రెస్సింగ్‌ది తీసుకోండి, బరువైనదైతే జుట్టుకి తగిలించే గొలుసు ఉండాలి. నారాయణపేట, మంగళగిరి చీరలకి ఆక్సిడైజ్డ్, అంటే కావాలనే నల్లగా చేసిన వెండి, భలే ఉంటది, కంచిపట్టు మీద బంగారు నగలేస్తే మాత్రం వెండి మీద బంగారు పూత ఉన్నదే నయం, లేకపోతే ముక్కొక్కటే వేరేగా కనిపిస్తది.