పూస వంకర తప్పు కాదు, బెజ్జం చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఏడాదిగా సిరామిక్ పూసలు, కమ్మలు చేస్తోంది. ఒక్కటీ గుండ్రంగా రాదు, ‘అదే అందం నాన్నా’ అంటుంది. డిజైన్ చదువుతానంటోంది. బీటెక్ నయమా, ఇదా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, చేయి కుదరని పనికి పిల్ల అందమని పేరు పెట్టుకుంటోందేమోనని మీ అసలు భయం. ముందు దాని సంగతి చూద్దాం.

చేత్తో చుట్టిన పూస అచ్చు గుద్దినట్టు రాదు, రానక్కర్లేదు. గ్లేజ్ (కాలిస్తే గాజులా మెరిసే పూత) ఒకవైపు చిక్కగా, ఒకవైపు పలచగా పారినా, వేలిముద్ర మిగిలినా కొనేవాళ్లు ఇష్టపడే తీసుకుంటారు. బెజ్జం అంచు పదునుగా ఉంటే మాత్రం ఒప్పుకోకూడదు, దండ దారం అక్కడే తెగుతుంది. మట్టి మరీ మెత్తగా ఉండగా పొడిస్తే పూస నొక్కుకుపోయి అంచు పైకి లేస్తుంది. పూర్తిగా ఆరాక పొడిస్తే పగులుతుంది. వేలితో నొక్కినా గుంట పడనంత గట్టిపడి, ముట్టుకుంటే ఇంకా చల్లగా ఉన్నప్పుడు పొడవాలి. ఆరాక తడి స్పాంజితో అంచు నున్నగా తుడవాలి. స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడేది) ఆరి, కాలేసరికి సుమారు 10–12 శాతం కుంచించుకుపోతుంది. అందుకే 2 మిల్లీమీటర్ల బెజ్జం కావాలంటే 2.5 దాకా పొడవాలి. కాల్చేటప్పుడు పూసల్ని వేడికి తట్టుకునే నైక్రోమ్ తీగకు ఎక్కిస్తారు. గ్లేజ్ బెజ్జంలోకి దిగితే పూస ఆ తీగకు అతుక్కుపోతుంది. తీగకు మోయలేనన్ని పూసలు ఎక్కిస్తే 1200 డిగ్రీల వేడికి అది వంగి, పూసలన్నీ ఒకచోటికి జారి అంటుకుపోతాయి.

అమ్మాయిని ఒకే రకం పూస 20 సార్లు చేయమనండి. అనుకున్న వంకర అనుకున్నట్టు మళ్లీ మళ్లీ వస్తే అది పనితనం. రాకపోతే సాధన చాలలేదు, అంతే. అందులో కంగారు పడాల్సిందేమీ లేదు.

ఇప్పుడు మీకో మాట. ఏడాదిగా చేస్తోందన్నారు. ఏ మట్టి వాడుతోంది, ఎక్కడ కాలుస్తోంది, గ్లేజ్‌లో సీసం ఉందా అని ఒక్కసారైనా అడిగారా? గుండ్రంగా లేదని వంక పెట్టడానికి మాత్రం తీరిక దొరికింది.

నాకు అనుమానం ఉన్నది చదువు మీద కాదు, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిస్తే బ్రాండ్ అయిపోతుందన్న నమ్మకం మీద. వారాంతపు వర్క్‌షాపుల్లో చాలాచోట్ల కిల్న్ (మట్టి కాల్చే కొలిమి) నింపేదీ, కాల్చేదీ నిర్వాహకులే. పిల్లలు రంగు పూసి ఇంటికొస్తారు. సర్టిఫికెట్ ఉంటుంది, పూస ఎందుకు పగిలిందో తెలియదు. పైగా ప్రతి పూసా చుట్టడం, పొడవడం, తుడవడం, రెండుసార్లు కాల్చడం, గుచ్చడం దాటి రావాలి. ఆ గంటలకు ధర కట్టకుండా అమ్మితే లైకులు మిగులుతాయి, డబ్బు మిగలదు.

చదువు సంగతికొస్తే, అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీలో సిరామిక్, గాజు డిజైన్ ఉంది. హైదరాబాద్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో యాక్సెసరీ డిజైన్ (నగలు, బ్యాగుల వంటివాటి రూపకల్పన) ఉంది. బీటెక్ కావాలంటే ఐఐటీ బీహెచ్‌యూ, ఎన్ఐటీ రూర్కెలాల్లో సిరామిక్ ఇంజనీరింగ్ చదవొచ్చు, కాకపోతే అక్కడ నేర్పేది పదార్థాల శాస్త్రం, నగలు కాదు. ఎంపీసీ చదివింది కాబట్టి రెండు దారులూ తెరిచే ఉన్నాయి. గ్లేజ్ కలపడంలో ఆ కెమిస్ట్రీ అక్కరకొస్తుంది కూడా. చదివిన ఇంటర్ వృథా కాదు, ధైర్యంగా ఉండండి.

డిజైన్ వైపే వెళ్తే, పోర్ట్‌ఫోలియోలో (తన పనుల నమూనాల సంకలనంలో) బాగా వచ్చిన పూసలతో పాటు పగిలినవీ పెట్టమనండి. ఏ మట్టి, ఎన్ని డిగ్రీలు, ఎందుకు పగిలింది అని ఒక్కోదాని పక్కన రాయమనండి.