కల్లుకు మారితే తాగుడు మానేసినట్టు కాదు

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఒక పల్లె. మా ఆయనకు 44 ఏళ్లు, ఆటో నడుపుతారు. పదిహేనేళ్లుగా మందు తాగేవారు. నాలుగు నెలల క్రితం మానేశారు, ఇప్పుడు సాయంత్రం పూట కల్లు మాత్రమే. మొన్న పెళ్లికి హైదరాబాద్ వెళ్లినప్పుడు రెండు రోజులు కల్లు లేక చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు, రాత్రి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గొణిగారు. మెడికల్ షాపులో నిద్రమాత్ర తెచ్చి వేస్తే సర్దుకున్నారు. తాగుడు మానినవాళ్లు కలిసి కూర్చునే గ్రూపులు ఉంటాయట. అందులో చేర్పించాలంటే ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుందని ఆయన భయపడుతున్నారు. – ఒక సోదరి

జవాబు: గ్రూపు సంగతి తప్పకుండా చెబుతానమ్మా. కానీ మీరు మాటవరసకు రాసిన ఆ రెండు రోజులే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నాయి. చేతుల వణుకు, నిద్రలేమి, లేని మనిషితో మాట్లాడటం అలసట వల్ల వచ్చేవి కావు. ఒంటికి అలవాటైన మత్తు హఠాత్తుగా ఆగిపోతే కనిపించే లక్షణాలివి. ఆయన్ను చూడకుండా నేను నిర్ధారించలేను. అయినా తేలిగ్గా తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

మందు మాని కల్లుకు మారారు కాబట్టి సగం గెలిచినట్టే అని మీరు అనుకుంటున్నారు. మన ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో చాలా ఇళ్లలో ఇదే నమ్మకం. చెట్టు నుంచి దించిన కల్లులో కూడా పులిసిన కొద్దీ ఆల్కహాల్ చేరుతుంది. ఇక దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డైజోఫామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతూ పట్టుబడిన సందర్భాలు ఎన్నో. అలాంటి కల్లు తాగేవారు తమకు తెలియకుండానే రెండు మత్తులకు అలవాటు పడతారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డాక ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి లక్షణాలతోనే ఎంతోమందిని తీసుకొచ్చారు.

ఆ మత్తు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. ఆల్కహాల్ విషయంలో చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లో ఆ ప్రమాదం ఎక్కువ. రెండు రోజులు దాటాక మతి తప్పడం, జ్వరం, గుండె దడ కలిసి వస్తే ప్రాణానికే ముప్పు. డైజోఫామ్ ఒంట్లో చాలా రోజులు నిలిచి ఉంటుంది కాబట్టి వారం తర్వాత కూడా ఫిట్స్ వచ్చే వీలుంది. కాబట్టి ‘రేపటి నుంచి కల్లు బంద్’ అని ఇంట్లో ఒట్టు వేయించకండి. మాల వేసుకుంటే అదే పోతుందని దీక్ష రోజు దాకా ఆగకండి.

ఇక ఆ నిద్రమాత్ర. నాకు కోపం వచ్చింది ఇక్కడే. చాలా నిద్రమాత్రలు కల్లులో కలిపే మందుల కోవలోవే. అందుకే వేయగానే సర్దుకున్నారు, జబ్బు తగ్గి కాదు. కల్లు తాగిన మనిషికి పొరపాటున అదే మాత్ర పడితే నిద్రలోనే శ్వాస మందగిస్తుంది. డాక్టర్ చీటీ లేకుండా ఇవి అమ్మకూడదు, మీరు కొనకూడదు. పక్కింటివాళ్లు చెప్పారని తాగుడు మాన్పించే పొడి ఏదీ అన్నంలో కలపకండి. అందులో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) ఉండి, తెలియక ఆయన తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఈ వారంలోనే మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. మాత్ర వేసిన అట్ట ఉంటే వెంట పట్టుకెళ్లండి. పరీక్షలు చేసి, అవసరమైతే కొన్ని రోజులు చేర్చుకుని, మందుల మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు కూడా అవసరం కావచ్చు. ఇంతలో వణుకు పెరిగినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి. వణుకు ఉన్న రోజు ఆటో తాళం ఆయన చేతికి ఇవ్వకండి.

మీరు అడిగిన గ్రూపు పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్, ఏఏ అంటారు. 1935లో అమెరికాలో మొదలైంది. హైదరాబాద్‌లో సమావేశాలు జరుగుతాయి, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో హాజరయ్యేవీ ఉన్నాయి. మీకు దగ్గర్లో ఏ రోజు, ఎక్కడ అన్నది ఏఏ హెల్ప్‌లైన్‌లోనో ఆసుపత్రి కౌన్సెలర్‌నో అడగండి. వ్యసన విముక్తికి 14446, మానసిక సమస్యలకు టెలీమానస్ 14416 ఉచితం.

ఫీజు లేదు, ఆధార్ అడగరు, ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. ఒకరి తర్వాత ఒకరు తమ తాగుడు గురించి చెప్పుకుంటారు, మిగతావాళ్లు మధ్యలో అడ్డు రాకుండా వింటారు. మొదటి రోజు మాట్లాడకుండా కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. కాబట్టి ‘చేర్పించడం’ కుదరదమ్మా, ఆయనే వెళ్లాలి. పరువు గురించి ఆయనకు ఇలా చెప్పండి: రోజూ కల్లు దుకాణం ముందు ఆగే ఆటోను ఊరంతా చూస్తూనే ఉంది, గ్రూపులో చూసేవాళ్లు మాత్రం అదే బాధ పడి వచ్చినవాళ్లు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది వాళ్ల నియమం.

ఒక్క సమావేశంతో తేల్చేయవద్దు. గ్రూపు నచ్చకపోతే ఇంకొకటి చూడమనండి. డాక్టర్ రాసిన మందులు గ్రూపులో చేరగానే ఆపకూడదు. ఆయన రానంటే మీరు ఆగిపోనక్కర్లేదు, తాగేవారి కుటుంబాల కోసం అల్-అనాన్ అనే వేరే గ్రూపు ఉంది. అక్కడికి ఆయన అనుమతి లేకుండానే మీరు వెళ్లవచ్చు.