బాపు కాళ్ల వాపు, ఐదు కిలోల బెల్లం

"కాళ్లు వాస్తే కిడ్నీ చెడినట్టేనా?" అని అడిగారు. కానక్కర్లేదు. గుండె, కాలేయం, బోదకాలు, చివరికి బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ మాత్ర వల్ల కూడా కాళ్లు వాస్తాయి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే అది వేరే సంగతి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇక మా బాపు సంగతి చెబుతాను.

బాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో గుమాస్తా. పన్నెండేళ్లుగా షుగర్. 2022 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ముందు, మొక్కు ప్రకారం ఆయన ఎత్తు బంగారం తూకం వేయించాం. అక్కడ బంగారమంటే బెల్లం. దీపావళికి 68 కిలోలున్న మనిషి 73 తూగాడు. "ఈ ఏడు కాస్త ఒళ్లు చేశాడు" అని అమ్మ మురిసిపోయింది. అది ఒంట్లో చేరిన నీళ్ల బరువని మాకేం తెలుసు! ఐదు కిలోల బెల్లం అదనంగా కొని తల్లులకు సమర్పించి వచ్చాం.

ఆ రాత్రి చెప్పులు విడిస్తే పాదాల మీద పట్టీల అచ్చు గాడి పడి ఉంది. చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట. మా చెల్లెలి కొడుకు పది లెక్కపెట్టి, "ఇంకా పూడలేదు మామయ్యా" అన్నాడు. జంపన్న వాగు నుంచి గద్దెల దాకా నడిచాడు కదా అని సర్దిచెప్పుకున్నాం. అదే దారిలో నడిచిన మా కాళ్లు ఎందుకు వాయలేదో ఒక్కరికీ తట్టలేదు.

పైగా పది రోజులు డైక్లోఫెనాక్ మింగించాం. అసలే నీరసించిన కిడ్నీకి ఆ నొప్పి మాత్రలు చేటు. చీటీ లేకుండా, చాక్లెట్లు ఇచ్చినట్టు ఇచ్చేస్తారు మందుల షాపుల్లో! ఇది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హనుమకొండలో డాక్టరు మొదట అడిగింది కాళ్ల గురించి కాదు, "మూత్రంలో నురుగు వస్తోందా?" అని. నెలల తరబడి వస్తోందట! బాపు ఎవరికీ చెప్పలేదు. మూత్రంలో ప్రొటీన్ పోతూ ఉంటే రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గి, నీరు రక్తనాళాల్లోంచి చుట్టూ ఉన్న కణజాలంలోకి దిగుతుంది. పగలు పాదాల్లో, పొద్దున లేచేసరికి కళ్ల కింద. కిడ్నీ పని ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 2.1 వచ్చింది, అంటే ఎక్కువే. "నాది నార్మలే" అని నిబ్బరంగా ఉండేవాళ్లకు ఒక మాట: కిడ్నీ పని దాదాపు సగం తగ్గేదాకా అది పెరగకపోవచ్చు. నన్నడిగితే పాదాలది ఆలస్యపు కబురు. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోవాలి. నెలనెలా షుగర్ చూపించుకున్న బాపుకు ఆ పరీక్ష ఒక్కసారీ జరగలేదు.

ఉప్పు ఎక్కువుండే ఆవకాయ, అప్పడాలు మానిపించడానికి పెద్ద యుద్ధమే చేశాం. ఇప్పుడు రోజూ పొద్దున్నే బరువు చూసుకుని క్యాలెండర్ మీద రాసుకుంటాడు. 2024 జాతరకు 66 తూగాడు. అమ్మవార్లకు బెల్లం తగ్గిందని అమ్మ ఇప్పటికీ గొణుగుతూనే ఉంది.