సిరప్‌లో మందు కాక మిగిలినదంతా మలినమేనా?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు, బరువు 12 కిలోలు. జ్వరం వస్తే డాక్టరు రాసిన పారాసిటమాల్ సిరప్ వేస్తున్నాం. సీసా మీద 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాముల మందు ఉందని రాసి ఉంది. మరి మిగతాదంతా ఏమిటి? మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాఢాలో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయిన వార్తలు చూసినప్పటి నుంచి భయంగా ఉంది. కల్తీ లేని శుద్ధమైన మందు దొరకదా?

– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ భయం సహజమైనదేనమ్మా. కానీ మందులో కావాలని కలిపినది వేరు, ఉండకూడనిది చేరడం వేరు. శుద్ధమైన పారాసిటమాల్ చేదుగా ఉండే తెల్లటి పొడి. అది సుమారు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మలినం కలిస్తే అంతకంటే తక్కువ వేడికే కరగడం మొదలవుతుంది. చల్లని నీటిలో అది అంతగా కరగదు కనుక, పసివాడు మింగగలిగేలా ద్రవరూపంలోకి తేవడానికి నీటితో పాటు చక్కెర లేదా సార్బిటాల్, గ్లిజరిన్ లేదా ప్రొపైలీన్ గ్లైకాల్, పాడవకుండా ఉంచే పదార్థం, కొద్దిగా రుచి, రంగు లెక్క ప్రకారం కలుపుతారు. ఇవేవీ మలినాలు కావు. సీసా మీద 'సస్పెన్షన్' అని ఉంటే మాత్రం మందు పొడి అడుగున పేరుకుంటుంది. కదపకుండా పోస్తే మొదట్లో తక్కువ, చివర్లో ఎక్కువ మోతాదు పడుతుంది.

అసలు ప్రమాదం మందును కరిగించడానికి వాడే గ్లిజరిన్, ప్రొపైలీన్ గ్లైకాల్ వంటి ద్రావకాల నాణ్యతలో ఉంది. డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కూడా గ్లిజరిన్‌లాగే తియ్యగా, చిక్కగా, రంగు లేకుండా ఉంటుంది. అందువల్ల మందుల తయారీకి పనికిరాని పారిశ్రామిక రకం ద్రావకాన్ని పరీక్షించకుండా వాడితే అది సిరప్‌లోకి చేరుతుంది. దానికి అనుమతించే హద్దు 0.1 శాతం మాత్రమే కాగా, 2025లో ఛింద్వాఢా పిల్లలు తాగిన దగ్గు సిరప్‌లో 48.6 శాతం ఉన్నట్లు తమిళనాడు ఔషధ నియంత్రణ అధికారుల పరీక్షలో తేలింది. 1937లో అమెరికాలో వంద మందికి పైగా ప్రాణాలు తీసినదీ ఇదే విషం. ఎనభై ఎనిమిదేళ్ల తర్వాత కూడా పిల్లలు దీనికి బలి కావడం ఒక వైద్యుడిగా నన్ను ఎంతో బాధిస్తోంది, ఎందుకంటే ద్రావకం డ్రమ్మును వాడకముందే పరీక్షిస్తే ఇది పట్టుబడుతుంది.

ఇంట్లో చూసో, రుచి చూసో దీన్ని గుర్తించలేరు. మీ బాబు బరువుకు 125 మిల్లీగ్రాములు, అంటే 5 మి.లీ., సరిపోతుంది, సీసాతో వచ్చిన కొలత మూతతోనే పోయండి. 5 మి.లీ.లో 250 మిల్లీగ్రాములు ఉండే రకం కూడా దొరుకుతుంది కనుక కొన్న ప్రతిసారీ లేబుల్ చదవండి, బిల్లు దాచుకోండి. దగ్గు, జలుబు సిరప్‌లు మాత్రం సొంతంగా కొని వేయవద్దు. రెండేళ్లలోపు వారికి అవి అసలు ఇవ్వరాదని, అయిదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయరని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో తెలిపింది. ఏ సిరప్ తాగాకైనా బాబు వాంతులు చేసుకుంటూ, మూత్రం బాగా తగ్గి, మగతగా కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా, ఆ సీసాను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.